ఇంటికంతా ఒక్క ఛార్జర్ చాలు, కాకపోతే కొనేముందు దాని వీపు చదవండి

మా ఇంట్లో టీవీ కింద సొరుగు లాగితే వైర్లు ఉండలు ఉండలుగా బయటపడేవి. అన్నిటికీ మూతి ఒకటే, టైప్-సి. అయినా అమ్మ ఫోను నాన్న ఛార్జర్‌కి పెడితే నత్తనడక, ట్రిమ్మర్‌కి లాప్‌టాప్ వైరు పెడితే అసలు లైటే వెలగదు.

ముందు ఛార్జర్ తిప్పి సన్నక్షరాలు చదవండి. కంటికి ఆనకపోతే ఫొటో తీసి జూమ్ చేయండి. డబ్బా మీద పెద్దగా వేసిన వాట్లు కాదు, అవుట్‌పుట్ అని రాసిన లైను ముఖ్యం. అందులో 5, 9, 15, 20 వోల్టులు వరసగా ఉంటే అది యూఎస్‌బీ పవర్ డెలివరీ, పొట్టిగా పీడీ. ఫోనూ ఛార్జరూ వైరు గుండా మాట్లాడుకుని ఎన్ని వోల్టులు కావాలో తేల్చుకుంటాయి. ఆ మాటల నియమాలన్నీ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని చదవచ్చు, అందుకే ఒక కంపెనీ ఛార్జర్ ఇంకో కంపెనీ లాప్‌టాప్‌కి పనికొస్తోంది. (లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన ఫైలు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవడం లాంటిదే ఇదీ, నాకు ఇలాంటివంటే కొంచెం పక్షపాతం.) పీపీఎస్ (వోల్టులను చిన్న చిన్న మెట్లలో మార్చుకునే పీడీ పద్ధతి) అని కూడా ఉంటే వదలొద్దు, శాంసంగ్ ఫోన్లలో 25 వాట్ల వేగం రావాలంటే అది ఉండాల్సిందే.

10 వోల్టులు 6.5 ఆంపియర్లు లాంటి అంకె కనిపిస్తే అది ఒప్పో, వన్‌ప్లస్‌ల సూపర్‌వూక్. వేగంగానే ఎక్కిస్తుంది, కానీ ఆ వేగం దానికి తగ్గ ఫోనూ వైరూ ఉంటేనే. ఇంటికంతా ఒకటే కావాలనుకునేవాళ్లు దాని జోలికి పోకండి.

ఎన్ని వాట్లు కావాలి? మీ లాప్‌టాప్ అడాప్టర్ చూడండి, 20 వోల్టులు 3.25 ఆంపియర్లు అంటే 65 వాట్లు. రెండు పోర్టులున్న ఛార్జర్ అయితే రెండూ పెట్టినప్పుడు వాట్లు పంచుకుంటుంది, ఎలా పంచుకుంటుందో కూడా ఆ వీపు మీదే ఉంటుంది, అది చదవకుండా కొని తర్వాత తిట్టుకుంటే లాభం లేదు. అక్కడే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో చూపిస్తుంది. రోడ్డు పక్కన 150 రూపాయల ఛార్జర్ కొనేవాళ్లు ఒక్కసారైనా కొట్టి చూడండి.

వైరు సంగతి: రెండు చివర్లా టైప్-సి మూతి ఉన్న మామూలు సి-టు-సి వైరు 60 వాట్ల వరకే. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్ల వైరు, దాని తలలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉంటుంది, ఆ చిప్ జాడ ఛార్జర్‌కి తెలియకపోతే అది 3 ఆంపియర్లు దాటదు.

ఇక ట్రిమ్మర్. సి పోర్టున్న ఛార్జర్ అవతల ఏదో ఉందని తెలిసేదాకా కరెంటు వదలదు. అది తెలియడానికి అవతలి వస్తువులో రెండు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు (కరెంటును కొంత అడ్డుకునే చిన్న భాగాలు) ఉండాలి. చవక ట్రిమ్మర్లు, నెక్‌బ్యాండ్లు, టార్చిలు చేసేవాళ్లు కొందరు పైసల కక్కుర్తితో అవి పెట్టరు. పేరున్న తయారీదార్లకీ తప్పింది కాదు, 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో రెండింటి బదులు ఒకటే పెట్టారు, దాంతో ఈ-మార్కర్ వైరు పెడితే బోర్డు లేవలేదు, తర్వాత డిజైన్ సరిదిద్దారు. మన ట్రిమ్మర్‌ని ఎవరూ సరిదిద్దరు కాబట్టి పాత వెడల్పు మూతి (యూఎస్‌బీ-ఎ) ఛార్జర్ ఒకటి, దానికి ఎ-టు-సి వైరు ఒకటి దాచుకోండి. ఆ పోర్టు ఏమీ అడక్కుండా 5 వోల్టులు ఇచ్చేస్తుంది.

మా ఇంట్లో ఆ వైరుకి తెల్ల ప్లాస్టర్ చుట్టి పెన్నుతో ట్రిమ్మర్ అని రాసి, అద్దం పక్కన మేకుకి తగిలించాను. సొరుగులో పెడితే మళ్లీ ఉండలో కలిసిపోతుంది.