బ్లాంక్‌కే రీడింగ్ వస్తోందా? ముందు తోమే పొడిని అనుమానించండి

నెల్లూరు తీరపు ఇసుక నేలల వేరుశనగలో అఫ్లాటాక్సిన్ (బూజు వదిలే విషం) చూసే చోట, అంకె తేడాగా రాగానే అందరూ అనే మాట ఒకటే: మిషన్ పోయింది. మిషన్ అంత తేలిగ్గా పోదు. శాంపిల్ ఏమీ లేకుండా 1 మి.లీ. మిథనాల్, 1 మి.లీ. డెవలపర్ (వెలుగు పెంచే బ్రోమిన్ ద్రావణం) క్యూవెట్‌లో, అంటే మిషన్‌లో పెట్టే చిన్న గాజు గొట్టంలో కలిపి, నిమిషం ఆగి చదవండి. ఇదే బ్లాంక్. సున్నా, లేదా దానికి ఆనుకొని రావాలి. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు.

బ్లాంక్‌లోనే 3, 4 పీపీబీ (వంద కోట్లలో 3, 4 వంతులు) చూపిస్తోంది

కొత్త క్యూవెట్ విప్పి, అదే మిథనాల్, అదే డెవలపర్‌తో మళ్లీ చదవండి. సున్నా వచ్చిందంటే ద్రావణాల తప్పు లేదు, దొంగ కడిగిన గాజులోనే ఉన్నాడు.

బట్టల పొడిలో తెల్లగా మెరవడానికి ఆప్టికల్ బ్రైటెనర్ కలుపుతారు. మన మిషన్, అంటే ఫ్లోరోమీటర్, 360 నానోమీటర్ల దగ్గర కాంతి వేసి, 450 దగ్గర తిరిగొచ్చే నీలం వెలుగును కొలుస్తుంది. బ్రైటెనర్ కూడా ఆ కాంతినే తాగి ఆ నీలమే కక్కుతుంది. ఏది విషమో ఏది సబ్బో మిషన్‌కి తెలియదు. గదిలో లైటు ఆర్పి 365 నానోమీటర్ల యూవీ టార్చి వేసి చూడండి: ఉతికిన తెల్లకోటు నీలంగా వెలుగుతుంది. అలాంటి బట్టతో క్యూవెట్ లోపల తుడిస్తే ఒక్క నూలుపోగు చాలు.

నష్టం ఎంతంటే, నిజంగా 12 ఉన్న సరుకు 16 చూపిస్తుంది. తదుపరి ప్రాసెసింగ్‌కి వెళ్లే గుళ్లకు మన దేశంలో పరిమితి 15. మంచి లోడు వెనక్కి పోతుంది. నేరుగా తినే గుళ్లకు యూరప్ పరిమితి 4 మాత్రమే, అక్కడ బ్లాంక్ ఒక్కటే ఆ గీతకు ఆనుతుంది.

శాంపిల్ పట్టే మిక్సీ జార్‌లో మిగిలిన సబ్బు పొడి అంత ప్రమాదం కాదు. శాంపిల్ రసం పోసే కాలమ్ (విషాన్ని పట్టే యాంటీబాడీ నింపిన గొట్టం) దాన్ని పట్టుకోదు, కాలమ్‌ని 10 మి.లీ. నీళ్లతో రెండుసార్లు కడిగేటప్పుడు పోతుంది. దెబ్బంతా కాలమ్ తర్వాత వాడే వాటితోనే: క్యూవెట్, మిథనాల్ డిస్పెన్సర్, డెవలపర్ సీసా. జార్‌ని గంటసేపు తోమి క్యూవెట్‌ని ఒక్కసారి తొలిచి పెట్టేస్తారు, అదీ తంతు.

క్యూవెట్లు ఒకసారి వాడి పారేయడమే మేలు. తప్పదంటే బ్రైటెనర్ లేని ల్యాబ్ డిటర్జెంట్‌తో కడిగి, మామూలు నీళ్లతో మూడుసార్లు, డిస్టిల్డ్ నీళ్లతో రెండుసార్లు, చివర మిథనాల్‌తో ఒకసారి తొలిచి బోర్లించండి. లోపల తుడవొద్దు. మార్కాపురం వైపు బోరు నీళ్లతో ఆపేస్తే గాజు మీద తెల్ల పొర కడుతుంది, అది కాంతిని చెదరగొడుతుంది. ఇంత చేసినా టార్చికి వెలిగే క్యూవెట్‌ని పారేయండి, జాలి వద్దు.

అన్నీ తక్కువగా వస్తున్నాయి

డెవలపర్ నిన్నటిదా? బ్రోమిన్ ద్రావణం ఏ రోజుది ఆ రోజే పలుచన చేసి, ముదురు రంగు సీసాలో ఉంచాలి. బీ1, జీ1 అనే అఫ్లాటాక్సిన్ రకాల వెలుగు పెరిగేది దానివల్లే. అది సరిగ్గానే ఉంటే పలుచన చూడండి. 25 గ్రా. పొడి, 5 గ్రా. ఉప్పు, 70:30 మిథనాల్-నీళ్లు 125 మి.లీ. వేసి మిక్సీ పట్టాక, వడగట్టిన దాంట్లో 15 మి.లీ.కి 30 మి.లీ. నీళ్లు కలిపి, మళ్లీ వడగట్టి, 15 మి.లీ. కాలమ్‌లో పోయాలి. అంటే సరిగ్గా 1 గ్రా. సరుకు. నీళ్లు కలపడం మరిచిపోతే అంత మిథనాల్‌లో యాంటీబాడీ పట్టు నిలవదు. సెకనుకు ఒకటి రెండు చుక్కల కంటే వేగంగా తోసినా అదే గతి. మే నెల ఎండలో కరెంటు పోయి కాలమ్‌లు పెట్టిన ఫ్రిజ్ వేడెక్కిందేమో కూడా కనుక్కోండి.

ఒకే బస్తాకి ఒకసారి 2, ఒకసారి 40

తప్పు పరీక్షది కాదు. వందల గుళ్లలో బూజు పట్టింది ఒక్కటే ఉండొచ్చు, విషమంతా దాంట్లోనే. చాలా బస్తాల నుంచి కొంచెం కొంచెం తీసి, మొత్తం కలిపి పొడి చేశాకే 25 గ్రా. తూయండి. గుప్పెడు గుళ్లు తీసి తూచడం శుద్ధ దండగ.

మిషన్ లోపలి దీపం మసకబారడం, మిషన్‌ని సరిచూసే కాలిబ్రేషన్ వయల్ చెడిపోవడం లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే మెకానిక్‌కి ఫోన్ చేయండి.