వానలు పడేలోపు కాఫీ గింజల విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వేయించిన కాఫీ గింజలకు వానాకాలం గడ్డుకాలం. పచ్చి గింజలో నూటికి 10 నుంచి 12 పాళ్ల తేమ ఉంటే, వేయించాక అది 2, 3 పాళ్లకు పడిపోతుంది. వేడికి ఉబ్బి లోపలంతా సన్నటి రంధ్రాలు పడిన ఆ పొడి గింజ గాలిలోని చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది. చెమ్మ చేరితే గింజలోని నూనెలు ఆక్సిజన్‌తో కలిసి పాడయ్యే వేగం పెరుగుతుంది, సువాసన త్వరగా పోతుంది. పొడి రోజుల్లో నిక్షేపంగా సరిపోయిన పద్ధతి వానల్లో సరిపోదు.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. గింజల్ని ఎన్నాళ్లు దాచారన్నదే కాదు, డబ్బా మూత ఎన్నిసార్లు తీశారన్నదీ లెక్కలోకి వస్తుంది. తాజా గింజ నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తూనే ఉంటుంది. మూసిన డబ్బాలో అది గింజల చుట్టూ నిండి ఆక్సిజన్‌ను కొంతవరకు దూరంగా ఉంచుతుంది. మూత తీయగానే ఆ వాయువు పోతుంది, తడిగాలి లోపలికి దూరుతుంది. కింద చెప్పేవాటిలో చాలావరకు గింజలకు గాలి, చెమ్మ తగలకుండా చూసుకోవడానికే.

కొనేటప్పుడే మొదలుపెట్టండి. ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూడండి. ప్యాక్ చేసిన తేదీ, ఫలానా నెలలోగా వాడాలన్న తేదీ దానికి బదులు కావు. రోజుకు రెండు కప్పులు, కప్పుకు 15 గ్రాములు అనుకుంటే 250 గ్రాములు ఎనిమిది రోజులకు వస్తాయి. వానాకాలంలో ఒక ఇంటికి ఆ మాత్రం చాలు. చవకగా వస్తుందని కిలో ప్యాకెట్ కొని నెలంతా దాన్నే తెరుస్తూ మూస్తూ ఉంటే, చివరి రెండు వారాలు చప్పటి కాఫీయే తాగాల్సి వస్తుంది.

తాజా అంటే వేయించిన రోజే వాడేయాలని కాదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో వాయువు మరీ జోరుగా వస్తుంది, నీళ్లను పొడిలోకి సరిగ్గా దిగనివ్వదు. ఫిల్టర్‌లో దింపే కాఫీకి నాలుగు నుంచి ఏడు రోజులు, యంత్రంలో ఒత్తిడితో తీసే ఎస్ప్రెస్సోకి వారం నుంచి రెండు వారాలు ఆగితే రుచి కుదురుతుంది. లేత రంగు రోస్ట్‌కి, అంటే తక్కువగా వేయించిన గింజకు, ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. ముదురు రోస్ట్ గింజకు రంధ్రాలు ఎక్కువ, వాయువు త్వరగా పోతుంది, పాతబడడమూ త్వరగానే. వానల్లో రెండూ దొరికితే ముదురు రోస్ట్‌ను ముందు వాడేయండి.

డబ్బా సైజు గురించి చాలామంది ఆలోచించరు. 250 గ్రాముల గింజలకు లీటరు డబ్బా సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే మిగిలిన చోటంతా గాలే. మూత లోపలి రబ్బరు వాషర్ పగిలిందేమో, వదులైందేమో వానలకు ముందే చూసి మార్చండి. వెలుతురు పడే గాజు సీసా వద్దు. లోపలి వాయువును బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని వాల్వ్ ఉన్న ప్యాకెట్‌లోనే ఉంచితే, వాడిన ప్రతిసారీ గాలి బయటికి నొక్కేసి పైభాగం మడిచి జిప్ గట్టిగా వేయండి. జిప్ గాడిలో చిన్న పొట్టు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు, వేలితో గాడిని తుడిచి వేయాలి. పొయ్యి పక్క అల్మరా వద్దు.

తెలియకుండానే జరిగే పొరపాటు ఒకటుంది. నీళ్లు మరుగుతుంటాయి, కెటిల్ నుంచి ఆవిరి లేస్తుంటుంది, ఆ పక్కనే డబ్బా తెరిచి గింజలు కొలుస్తారు. ఆ ఆవిరి నేరుగా డబ్బాలోకే పోతుంది. ముందు గింజలు తూచి, మూత పెట్టి, డబ్బా పక్కకు పెట్టాకే నీళ్లు పొయ్యి మీద పెట్టండి. స్పూను పొడిగా ఉందో లేదో వేలితో తడిమి చూసి మరీ వాడండి.

ఫ్రిజ్‌లో పెట్టొద్దు. రోజూ బయటికి తీస్తే చల్లటి గింజ మీద తడిగాలి నీటి పొరలా పడుతుంది, దానికి తోడు ఫ్రిజ్‌లోని వాసనలన్నీ గింజలకు పడతాయి. ఫ్రీజర్ వేరు, పద్ధతిగా వాడితే అది మేలే చేస్తుంది. వారానికి సరిపడా గింజల్ని విడివిడి పొట్లాలుగా కట్టి, గాలి తీసేసి, రెండు పొరల్లో మూసి పెట్టండి. ఒక పొట్లం బయటికి తీశాక, అది గది వేడికి వచ్చేదాకా విప్పకండి. రాత్రి తీసి ఉదయం విప్పడం సులువు. విప్పినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

పొడి కొట్టి దాచే అలవాటుంటే ఈ కాలంలో మానేయండి. గింజ రోజుల తరబడి నిలుపుకున్న వాసన పొడిలో నిమిషాల్లోనే పోవడం మొదలవుతుంది, చెమ్మకు పొడి ఉండలు కడుతుంది. ఉండలున్న పొడిలో నీళ్లు సమంగా దిగవు, ఒక చోట చేదు, ఒక చోట పులుపు దిగుతాయి. గ్రైండర్ మూలల్లో నిలిచిపోయిన పాత పొడి కూడా రుచిని పాడుచేస్తుంది. వారానికోసారి విప్పి, పొడి బ్రష్‌తో దులపండి. నీళ్లు తగలనివ్వకండి.

ఇంట్లో వేయించేవారికి ఒక మాట. గింజల్ని ఫ్యాన్ గాలికి నాలుగైదు నిమిషాల్లో చల్లార్చి, చల్లారిన వెంటనే మూసేయండి. జల్లెడలో రాత్రంతా ఆరబెడితే తేమను చేతులారా ఎక్కించినట్టే.

అనుమానం వస్తే ఇలా చూడండి. 15 గ్రాముల పొడి మీద 40 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి అర నిమిషం ఆగండి. తాజాదైతే పొంగి బుడగలు వేస్తుంది. తడిసి అలాగే పడి ఉంటే వాయువు అయిపోయినట్టే. గింజను వేళ్ల మధ్య నొక్కితే పెళుసుగా విరగాలి, సాగినట్టు అనిపిస్తే చెమ్మ ఎక్కింది. మధ్యస్థ రోస్ట్ గింజ మీద కొత్తగా నూనె మెరుపు కనిపించడం పాతబడిందనడానికి గుర్తు, ముదురు రోస్ట్‌లో మాత్రం అది మొదటినుంచీ ఉండొచ్చు. అట్టపెట్టె వాసన, పాత నూనె వాసన వస్తే రుచి పోయినట్టే. అలాంటివాటిని మూకుడులో మళ్లీ వేయిస్తే మాడు రుచి తప్ప పోయిన సువాసన రాదు. తడిసి ముద్ద కట్టినా, ముక్కిన వాసన వచ్చినా, బూజు చుక్క కనిపించినా ఏరి వాడకండి. మొత్తం పారేసి, డబ్బా కడిగి పూర్తిగా ఆరాకే కొత్త గింజలు పోయండి.