సర్వర్ మొరాయిస్తే పవర్ బటన్ జోలికి పోకండి

మా హోల్‌సేల్ ఆఫీసు తిరుపతి కొర్లగుంటలో. బిల్లింగంతా మూల గదిలోని ఒక్క టవర్ సర్వర్ మీదే నడుస్తుంది, దాని బాగోగులు నావి. మే నెల, గంగమ్మ జాతర వారం. సోమవారం పొద్దున్నే లెక్కలు చూసే అక్క ఫోన్ చేసింది: "తమ్ముడూ, బిల్లు తెరుచుకోలేదు, తిరగతానే ఉంది."

వెళ్లి చూస్తే ఏసీ లేదు. కరెంటు బిల్లు కలిసొస్తుందని శనివారం సాయంత్రం ఆపేసి వెళ్లారట. మన ఎండలకు కిటికీ లేని గది! నాలుగు డిస్కుల్లో ఒకదానికి నారింజ లైటు వెలుగుతోంది.

ఇలాంటప్పుడు చెయ్యి పవర్ బటన్ మీదికే పోతుంది. వద్దు. మా నాలుగు డిస్కులూ ఒక్కటిగా కలిసి పనిచేసే పద్ధతి రెయిడ్ 5. అందులో ఒక డిస్కు పోయినా మిగతావి కలిసి దాని డేటాను లెక్కగట్టి ఇస్తుంటాయి, అందుకే ఆ నెమ్మది. రెండోదీ పోతే మొత్తం పోయినట్టే. పాత డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ తిరక్కపోవచ్చు. కాబట్టి అందరినీ లాగౌట్ చేయించి, ముందు బిల్లింగ్ డేటాను బయటి డిస్కులోకి కాపీ చేయండి. నిన్నటి బ్యాకప్ ఉందిగా అనుకోకండి, ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడండి. మాది పదకొండు రోజులుగా ఫెయిలవుతోంది. ఆ మెయిల్ ఎవరూ తెరవలేదు, నాతో సహా.

కాపీ నడుస్తుండగా సర్వర్ సీరియల్ నంబరు రాసుకోండి (డెల్‌లో దాన్నే సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలు). లైట్ల ఫోటో తీయండి. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐలో అని సర్వర్ పరిస్థితిని చూపే వేరే వెబ్ పేజీ ఉంటుంది. విండోస్ బిగుసుకుపోయినా అది తెరుచుకుంటుంది. అందులోంచి లాగ్ ఫైలు (ఏ భాగానికి ఏమైందో రాసుకునే చిట్టా) దింపి పెట్టుకుంటే ఫోన్లో గంట మాటలు తగ్గుతాయి.

కంపెనీకి ఫోన్ చేస్తే సపోర్టు అబ్బాయి మొదటి మాటే, "సార్, లోపలి సాఫ్ట్‌వేర్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయండి."

"బ్యాకప్ అయ్యేదాకా చేయను బాబూ, ఆ మాట కేసులో రాసుకో" అన్నాను (కేసంటే మన ఫిర్యాదు). రాసుకున్నాడు. వాళ్ల ముందు ఉన్న కాగితం అలా చెప్పమంటుంది, తప్పు పట్టలేం. కానీ వారంటీ డిస్కుకే, డేటాకు కాదు. కేసు నంబరూ, డిస్కు ఎప్పుడొస్తుందో మెయిల్లో అడిగి తీసుకోండి.

డిస్కు చెన్నై నుంచి మర్నాడు మూడింటికి వచ్చింది. జాతర జనంలో బండి కదలక, ఇంజనీరు దాన్ని వీధి చివరే వదిలి, వేషాలు కట్టినవాళ్ల మధ్యలోంచి డబ్బా ఎత్తుకుని నడిచొచ్చాడు.

అసలు ప్రమాదం అప్పుడే. లాగ్‌లో 'స్లాట్ 2' అని ఉంది, స్లాట్ అంటే డిస్కు పెట్టే అర. ఆయన చెయ్యి పై నుంచి రెండో డిస్కు మీద పడింది. "అన్నా, ఆగన్నా!" అని అరిచాను. మా పెట్టెలో స్లాట్లు 0 నుంచి మొదలవుతాయి, 2 అంటే మూడోది. ఆయన పట్టుకున్నది మంచి డిస్కు. లాగి ఉంటే సాయంత్రానికి ఇద్దరం రోడ్డు మీద ఉండేవాళ్లం. రెయిడ్ పేజీలో 'బ్లింక్' అనే మీట ఉంటుంది, నొక్కితే ఆ డిస్కు లైటే మిణుకుమిణుకుమంటుంది. అది చూశాకే పట్టుకోండి. కొంచెం బయటికి లాగి, లోపల తిరగడం ఆగేదాకా అర నిమిషం ఉండి, పూర్తిగా తీయండి. లేబుల్ మీది సీరియల్ నంబరు లాగ్‌తో సరిచూసి, కొత్తది 'టక్' అనేదాకా నెట్టండి.

మాకు రీబిల్డ్, అంటే పోయిన డేటాను కొత్త డిస్కులో తిరిగి నింపడం, దానంతటదే మొదలైంది. 'ఫారిన్ కాన్ఫిగరేషన్' (డిస్కు మీద వేరే రెయిడ్ వివరాలున్నాయని) అని వస్తే మాత్రం, అది కొత్త డిస్కుదో పాతదో తేలేదాకా 'క్లియర్' నొక్కకండి, సపోర్టువాళ్లను లైన్లో పెట్టుకోండి. 'ఇనిషియలైజ్' జోలికైతే అసలే పోవద్దు, డేటా తుడిచిపెట్టుకుపోతుంది.

రీబిల్డ్ తెల్లవార్లూ నడిచింది. ఈలోపే కేసు క్లోజ్ చేస్తామని మెయిల్. 'ఆప్టిమల్' (అంతా బాగుంది) అని కనబడేదాకా ఒప్పుకోలేదు. స్లాట్ 0 కూడా పోయేలా ఉందని లాగ్‌లో కనబడితే, అదే కేసులో ఇంకో డిస్కు అడిగాను. గురువారం వచ్చింది.

ఏసీ రిమోటు ఇప్పుడు నా బ్యాగులో ఉంటోంది.