కారు స్టీరింగ్ పాఠాలు – 4: గాడి రోడ్డు మీద లాగుడు, వణుకు

పోయిన పాఠంలో టైర్లకు గాలి చూసుకోవడం నేర్చుకున్నాం. పొద్దున్నే, బండి కదలకముందు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం చూడాలి. ఇంకా చూడనివాళ్ళు ముందు ఆ పని చేసి రండి. గాలి తేడాగా ఉంటే ఇవాళ్టి పరీక్షలు తప్పుదోవ పట్టిస్తాయి.

మన డెల్టాలో రోడ్ల మీద గాళ్ళు రెండు రకాలు. ధాన్యం లారీలు, చేపల లారీలు ఒకే దారిన నడిచి నడిచి తారు కుంగితే పడేది నిలువు గాడి. కొత్త తారు వేయడానికి పాతది గీకిన చోట కనబడే సన్న చారలు కూడా ఈ కోవలోవే. రెండోది అడ్డ గాట్లు. సార్వాకైనా దాళ్వాకైనా దమ్ము చేసే రోజుల్లో, దమ్ము చక్రాలు (బురద పొలం దున్నడానికి వేసే ఇనప చక్రాలు) విప్పకుండా ట్రాక్టర్‌ని రోడ్డెక్కిస్తే పడేవి ఇవే. ఆ చక్రాలు విప్పే ఓపిక లేక ఊరి రోడ్డంతా పాడుచేస్తుంటే చూడలేకపోతున్నాను.

నిలువు గాడిలో స్టీరింగ్ లాగుతుంది. టైరు గాడి అంచు ఎక్కబోయి మళ్ళీ లోపలికి జారుతుంది, ఆ జారుడు మన చేతికి తెలుస్తుంది. సోకు కోసం వెడల్పాటి టైర్లు వేయించిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఇది రోడ్డు వల్లో బండి వల్లో తేల్చుకోవాలంటే వెనకా ముందూ చూసుకుని ఓ అడుగు పక్కకు జరిగి గాడి వదలండి. లాగుడు ఆగిందా, ఒకసారి ఎడమకు ఒకసారి కుడికి లాగుతోందా, అయితే అది రోడ్డు పనే. స్టీరింగ్ బిగబట్టకుండా తేలిగ్గా పట్టుకుని, స్పీడు తగ్గించి పోతే చాలు. నున్నటి రోడ్డు మీద కూడా ఎప్పుడూ ఒకే వైపు గట్టిగా లాగితే మటుకు అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో, చూపించాల్సిందే. మన రోడ్లు అంచుకి వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమకు కాస్త జరగడం మామూలే, దానికి కంగారు పడొద్దు.

షాపుకి వెళ్ళేముందు ముందు టైరు మీద అరచేతిని లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక వైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్ళలా గీసుకుంటే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పినట్టే. చెయ్యి చెప్పిన ఈ మాట మెకానిక్‌కి కూడా చెప్పండి.

ఇక వణుకు. గాట్లు దాటగానే ఆగిపోతే అది రోడ్డుది. బాగున్న రోడ్డు మీద 80 దాటాక మొదలైతే చక్రాల బాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉందో లేదో, చూడాలి. బ్రేకు నొక్కినప్పుడే వణికితే డిస్కులు. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు కింద అదిరితే వెనక చక్రాలు.

ఒకసారి వానలో ఓ లంక ఊరికి వెళ్ళొచ్చాను. మర్నాడు హైవే మీద 80 దగ్గర స్టీరింగ్ ఒకటే వణుకు. ఒక షాపులో రెండుసార్లు అలైన్‌మెంట్ చేసి డబ్బు తీసుకున్నారు, వణుకు పోలేదు. చివరికి చక్రం విప్పితే రిమ్ము లోపల గట్టిగా అతుక్కునే నల్లరేగడి బురద పిడికెడు, ఒకే పక్కన ఎండి ఇటుకలా బిగుసుకుంది. స్క్రూడ్రైవర్‌తో గీకి, నీళ్ళు కొట్టి కడిగాక స్టీరింగ్ మళ్ళీ నిలకడగా అయింది. అందుకే మన ప్రాంతంలో బాలెన్సింగ్‌కి ముందు రిమ్ము లోపలివైపు చూడమంటాను.

ఈ వారం ఇంటిపని. గట్టి నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపండి. కాలవ గట్టు మీద వద్దు, నేల కుంగుతుంది. బండి కిందకు దూరకండి, జాకీ పక్కన స్టెప్నీ పడుకోబెట్టండి. గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల చక్రాన్ని పట్టుకుని ఊపండి. తర్వాత పన్నెండు, ఆరు దగ్గర. ‘టక్’మని ఆట (వదులు) తగిలితే ఏ చోట తగిలిందో రాసి పెట్టుకోండి. మొదటి చోటైతే టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) వైపు, రెండో చోటైతే బేరింగ్, బాల్ జాయింట్ల (చక్రాన్ని పట్టి ఉంచే గుండ్రటి కీళ్ళ) వైపు వెళ్ళాలి. వచ్చే పాఠంలో మీరు రాసుకున్న ఆ చోటు నుంచే మొదలుపెడతాం.