పాత డ్రైవర్‌కు కొత్త జీపీఐఓ – 3వ పాఠం: సున్నా, ఒకటి అర్థం మారే చోటు

పోయిన పాఠంలో లినక్స్ డ్రైవర్ ప్రోబ్ ఫంక్షన్‌లో (పరికరం దొరకగానే కెర్నెల్ పిలిచేది) పాత జీపీఐఓ (సాఫ్ట్‌వేర్‌తో 0 లేదా 1 పెట్టగల పిన్) కాల్స్ ఎక్కడున్నాయో చూసి పెట్టుకున్నాం. ఇవాళ మారుద్దాం. మన ఉదాహరణ ఐ2సీ (రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) టచ్‌స్క్రీన్ చిప్. దాని రీసెట్ పిన్ ఒక్కటే తీసుకుందాం.

పాత పద్ధతిలో పిన్ అంటే ఒక నంబరు. జీపీఐఓ_రిక్వెస్ట్‌తో అడగాలి, దిశ చెప్పాలి, చివర్లో గుర్తుపెట్టుకుని వదిలేయాలి. 2014 జనవరిలో వచ్చిన 3.13 కెర్నెల్ నుంచి నంబరు బదులు డిస్క్రిప్టర్ (పిన్ వివరాలు మోసే హ్యాండిల్) ఉంది. హెడర్‌గా లినక్స్/జీపీఐఓ/కన్స్యూమర్.హెచ్ పెట్టండి. డెవ్ఎం_జీపీఐఓడీ_గెట్‌కు 'రీసెట్' అని పేరు చెబితే చాలు, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏది ఎక్కడుందో కెర్నెల్‌కు చెప్పే వివరణ) 'రీసెట్-జీపీఐఓస్'ని అదే వెతుక్కుంటుంది. డ్రైవర్ తీసేసినప్పుడు పిన్‌ను వదిలేసేదీ అదే.

ఇక్కడిదాకా తేలికే. ఇక జాగ్రత్తగా చదవండి.

జీపీఐఓ_సెట్_వాల్యూకి 0 ఇస్తే పిన్ మీద 0 వోల్టులు వచ్చేవి. జీపీఐఓడీ_సెట్_వాల్యూలో 1 అంటే వోల్టేజీ కాదు, 'రీసెట్ చెయ్యి' అని. ఎన్ని వోల్టులు పెట్టాలో డివైస్ ట్రీలోని యాక్టివ్ లో (0 వోల్టులు ఉన్నప్పుడే పనిచేసేది) ఫ్లాగ్ చూసి కెర్నెలే తేల్చుకుంటుంది. మన చిప్ రీసెట్ యాక్టివ్ లో కాబట్టి పాత కోడ్‌లోని 0, 1 రెండూ తారుమారు కావాలి. నేను మొదటిసారి పేర్లు మాత్రమే మార్చి వదిలేశాను. కంపైల్ అయింది, వార్నింగ్ కూడా లేదు. చిప్ మాత్రం ఐ2సీ మీద ఉలకదు, పలకదు. సాయంత్రమంతా టెన్షన్ పడి, చివరికి మల్టీమీటర్ పెడితే 3.3 వోల్టులు ఉండాల్సిన పిన్ మీద సున్నా. చిప్ మొదటి నుంచీ రీసెట్‌లోనే ఉంది.

కాబట్టి పిన్‌ను జీపీఐఓడీ_అవుట్_హై‌తో తీసుకోండి. ఇదీ లాజికల్ విలువే, అంటే చిప్ రీసెట్‌లోకి వెళ్తుంది. డేటాషీట్ చెప్పినంత సేపు ఆగి, జీపీఐఓడీ_సెట్_వాల్యూ_క్యాన్‌స్లీప్‌తో 0 ఇచ్చి చిప్‌ను రీసెట్ నుంచి వదలండి. క్యాన్‌స్లీప్ ఎందుకంటే, ఏదో ఒక బోర్డులో ఆ పిన్ ఐ2సీ ఎక్స్‌పాండర్ (అదనపు పిన్‌లు ఇచ్చే చిప్) మీద ఉండొచ్చు, అప్పుడు ఐ2సీ పని అయ్యేదాకా కోడ్ నిద్రపోయి ఆగాల్సి రావచ్చు.

ఇంకొక్కటి. పాత డ్రైవర్ ఫ్లాగ్‌ను పట్టించుకోలేదు కాబట్టి, డివైస్ ట్రీలో తప్పు ఫ్లాగ్ రాసినా ఇన్నాళ్లూ నడిచిపోయింది. మీరు డ్రైవర్ మార్చగానే ఆ బోర్డులు ఆగిపోతాయి. జనం చేతుల్లో ఉన్న బోర్డుల డివైస్ ట్రీని మనం మార్చలేం. అందుకే కెర్నెల్‌లోని జీపీఐఓలిబ్-ఓఎఫ్.సీ ఫైల్లో అలాంటి పాత తప్పుల్ని సరిదిద్దే పట్టిక ఉంది. ప్యాచ్ పంపేముందు మీ చిప్ వాడే ప్రతి డీటీఎస్ (డివైస్ ట్రీ సోర్స్) ఫైల్నీ గ్రెప్ చేసి (వెతికి) ఫ్లాగ్ చూడండి. ఈ వారం పని అదే.

రీసెట్ పిన్ అసలు లేని బోర్డుల సంగతి వచ్చే పాఠంలో.