శామీర్‌పేట చేనులో డిటెక్టర్ గోల ఎలా ఆగింది (నా అనుభవం)

హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటలో మా మామయ్య వాళ్ళ చేనులో మెటల్ డిటెక్టర్ ఆన్ చేస్తే చాలు, ఒకటే కీచుమంటుంది. తవ్వితే మట్టి తప్ప ఏమీ లేదు. "దీన్ని అమ్మేయరా" అన్నాడు మామయ్య.

అసలు సంగతి మన నేలలోనే ఉంది. ఎర్రమట్టిలో ఇనుప ఖనిజాలు ఎక్కువ, యంత్రం వాటినే లోహం అనుకుంటుంది. కొన్నప్పుడు ఉన్న సెట్టింగ్ ఇక్కడ పనికిరాదు. లోహం లేని చోట చూసుకుని, ఏ లోహానికైనా మోగే ఆల్ మెటల్ మోడ్‌లో, కింద ఉండే గుండ్రటి కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ, శబ్దం మారకుండా ఉండేదాకా గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలను యంత్రం పట్టించుకోకుండా చేసే సెట్టింగ్) తిప్పాను. సెన్సిటివిటీ కూడా కాస్త తగ్గించాను. లోతు కొంచెం పోతుంది, పోనీ, ప్రశాంతత ముఖ్యం. చెరువు వైపు నల్లమట్టి మొదలవగానే మళ్ళీ బ్యాలెన్స్ చేయాల్సిందే.

అయినా బోరు దగ్గర గోల ఆగలేదు. మోటారు ఆపించాక తగ్గింది, కరెంటు తీగల కింద మాత్రం డిటెక్టర్ ఫ్రీక్వెన్సీ మార్చాలి.

ఆ తర్వాత గట్టు పక్కన చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు రాగి నాణెం తగిలింది. బ్రిటిష్ ఇండియా రూపాయి వేరు, నిజాం సొంత నాణెం హాలీ సిక్కా వేరు. 1806లో బ్రిటిష్ కంటోన్మెంట్‌గా మొదలైన సికింద్రాబాద్ పక్కనే కాబట్టి రెండూ దొరకవచ్చు.

చింతపండుతో తోమకండి, పైపొర పోతుంది. నీళ్ళలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో మట్టి తీస్తే చాలు. నిధిలాంటిది బయటపడితే జిల్లా కలెక్టర్‌కు చెప్పాలి. కోటలు, రక్షిత కట్టడాల దగ్గరికి మాత్రం డిటెక్టర్ తీసుకెళ్ళొద్దు.