క్రాస్‌ఓవర్ గేమ్ సీక్వెల్‌లో అల్లరినీ కన్నీళ్లనీ కలపడం ఎలా?

డోనాల్డ్ డక్ పక్కనుండగా హీరో ఏడిస్తే ఆటగాడికి నవ్వు రాకూడదు. వేర్వేరు కథల పాత్రలను ఒకచోట కలిపే క్రాస్‌ఓవర్ కథ రాసేవాళ్లకు చిక్కంతా ఇక్కడే. సీక్వెల్‌లో అది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే మొదటి భాగంలోని వింత ఇప్పుడు పాతబడిపోయింది. 2005లో జపాన్‌లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదలైన కింగ్‌డమ్ హార్ట్స్ 2 ఈ చిక్కును ఎలా విప్పిందో చూస్తూ మీ కథ అల్లుకోండి. (కథ మలుపులు బయటపడతాయి.)

1. ఒకే ఒక్క బాధను ఎంచుకుని, దాన్ని నవ్వుల్లోనూ నాటండి. ఈ గేమ్‌లో ఆ బాధ మరుపు. గేమ్ మొదట్లో మనం ఆడించే రోక్సాస్ అనే కుర్రాడు ఉండే ఊళ్లో ఎవరో ఫొటోలు దొంగిలిస్తారు. వాటితో పాటు ‘ఫొటో’ అనే మాట కూడా మాయమై, ఎవరి నోటా పలకదు. అక్కడ నవ్వుకుంటాం. ఆరో రోజుకి స్నేహితుల కళ్లకు రోక్సాసే కనిపించడు. విన్నీ ద పూ అనే కార్టూన్ ఎలుగుబంటి లోకంలో పుస్తకం పేజీలు చిరిగిపోతాయి, పూ హీరో సోరాను గుర్తుపట్టడు. ఒక్కో పేజీ తెచ్చాక ఆడేవి చిన్నపిల్లల ఆటలే. కానీ పోయిన స్నేహం కోసం ఆడుతున్నామని తెలుసు కాబట్టి చేతికి బరువు తెలుస్తుంది.

2. వింతను చూసి పాత్రలు వెటకారం చేయకూడదు. “ఈ బాతుకి మంత్రాలొచ్చా!” అని హీరో ఒక్కసారి ఎగతాళి చేశాడంటే, తర్వాత ఆ బాతు కన్నీళ్లను ఎవరూ నమ్మరు. ఎక్కువ స్క్రిప్టులు చెడేది ఈ ఒక్క తప్పుతోనే.

3. బాధను చెప్పకండి, ఆడించండి. సముద్రతీరానికి వెళ్లడానికి రోక్సాస్ చేత చిల్లర పనులు చేయించి డబ్బు కూడబెట్టేది మనమే. తీరా రైలెక్కే ముందు సంచి మాయం. ఆ నిరాశ రోక్సాస్‌తో పాటు మనదీ అవుతుంది. ఈ పద్ధతికి మూల్యం కూడా ఉంది: మొదటి రెండు మూడు గంటలు నత్తనడకే, చాలామంది విసుక్కున్నారు. మీరు గంటలోపు ముగించండి.

4. కార్టూన్ సూత్రాన్నే ఆయుధం చేసుకోండి. మిక్కీని పక్కకు నెట్టిన గూఫీ తలకు పెద్ద బండరాయి తగులుతుంది. డోనాల్డ్ ఏడుస్తాడు, మిక్కీ ముసుగుకోటు విసిరేస్తాడు. గూఫీ లేకుండానే పోరాటం సాగుతుంది. కాసేపటికి గూఫీ తిరిగొచ్చి, తలకు దెబ్బలు తగలడం తనకు మామూలేగా అంటాడు! ఇది మోసం కాదు. ఇన్నేళ్ల కార్టూన్లలో గూఫీకి జరుగుతున్నదే. కీలకం మధ్యలోని ఎడం: జోకు వెంటనే పడి ఉంటే ఏడుపు దండగయ్యేది. అయితే ఈ కిటుకు గేమంతటికీ ఒక్కసారే పనికొస్తుంది. రెండోసారి వాడితే ఇక ఎవరు పడిపోయినా ఆటగాడు కంగారుపడడు.

5. శ్రుతి మించిన అల్లరిని దారి పక్కన పెట్టండి. అట్లాంటికా లోకంలో పాటకు తగ్గట్టు బటన్లు నొక్కాలి. ఇష్టం లేకపోతే దాన్ని వదిలేసి కథ పూర్తిచేయవచ్చు.

6. చివరగా, మొదటి భాగం ఆడని ఇద్దరు ముగ్గురి చేత ఆడించి చూడండి. కింగ్‌డమ్ హార్ట్స్ మొదటి, రెండో భాగాల మధ్య కథ 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌పై వచ్చింది. అది ఆడనివాళ్లకు సోరా ఎందుకు నిద్రలో ఉన్నాడో అంతుపట్టలేదు. మీ పరీక్షలో ఏడవాల్సిన చోట “ఇతనెవరు?” అని ఎవరైనా అడిగితే, సరిదిద్దాల్సింది ఆ సన్నివేశాన్ని కాదు, దానికి గంట ముందున్నదాన్ని.